మాట్లాడే బొమ్మ మీ చిన్నారికి తగినదేనా? కొనే ముందు, కొన్నాక చూడాల్సినవి ఇవే

బటన్ నొక్కితే ఏనుగు ఘీంకరిస్తుంది. కార్డు దూరిస్తే ‘యాపిల్’ అని పలుకుతుంది. పేజీ మీద పెన్ను పెడితే పాట వస్తుంది. రెండు మూడు వందల రూపాయల రైటింగ్ ప్యాడ్ నుంచి వేలు పోసి కొనే లెర్నింగ్ ట్యాబ్ వరకు పిల్లల ఎలక్ట్రానిక్ బొమ్మలు ఇప్పుడు వీధి చివరి ఫ్యాన్సీ షాపులోనూ దొరుకుతున్నాయి. పుట్టినరోజుకు ఎవరో ఒకరు ఇలాంటిది తెచ్చి చేతిలో పెడతారు. అట్టపెట్టె మీద ‘తెలివి పెంచుతుంది’, ‘స్కూలుకు సిద్ధం చేస్తుంది’ అన్న మాటలు తప్పనిసరిగా ఉంటాయి.

అలాంటి బొమ్మ చేతికొచ్చినప్పుడు మూడు ప్రశ్నలు ఇదే వరుసలో వేసుకోండి. ఒకటి, ఇది ప్రమాదం లేనిదేనా? రెండు, మా పిల్లాడి వయసుకు సరిపోతుందా? మూడు, ఇది నిజంగా ఏమైనా నేర్పుతుందా? మొదటి ప్రశ్నకు ‘కాదు’ అని జవాబు వస్తే మిగతా రెండూ చూడాల్సిన పని లేదు. ఆ బొమ్మను పక్కన పెట్టేయండి.

బొమ్మలపై ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరా?

తప్పనిసరే. కేంద్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన బొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలను భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) లైసెన్సు, ఐఎస్‌ఐ ముద్ర లేకుండా తయారు చేయడం, దిగుమతి చేయడం, అమ్మడం ఈ ఉత్తర్వు ప్రకారం కుదరదు. దుకాణంలో అమ్మినా, ఆన్‌లైన్‌లో అమ్మినా నియమం ఒకటే. ముద్ర లేని బొమ్మలు అమ్ముతున్నారంటూ 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ పెద్ద ఈ-కామర్స్ సంస్థలకు నోటీసులు కూడా ఇచ్చింది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఐఎస్‌ఐ గుర్తు పైన ఒక సంఖ్య ఉంటుంది. మామూలు బొమ్మలకైతే అది ‘ఐఎస్ 9873’. బ్యాటరీతోనో, కరెంటుతోనో పనిచేసే బొమ్మలకైతే ‘ఐఎస్ 15644’. వెలుగుతూ, మాట్లాడుతూ ఉండే బొమ్మపై 9873 మాత్రమే కనిపిస్తే అనుమానించాల్సిందే. విద్యుత్ వల్ల వచ్చే ప్రమాదాలను, అంటే వేడెక్కడం, షార్ట్ సర్క్యూట్, బ్యాటరీ గది ఊడిరావడం వంటివాటిని పరీక్షించేది 15644 ప్రమాణం.

ముద్ర అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది?

ఐఎస్‌ఐ గుర్తును అచ్చు వేయడం ఎవరికైనా సులువే. దాని కింద ఉండే లైసెన్సు నంబరును బట్టే అసలు సంగతి తెలుస్తుంది. ఆ నంబరు ‘సీఎం/ఎల్’ అనే అక్షరాలతో మొదలవుతుంది.

1. ఫోన్‌లో ‘బీఐఎస్ కేర్’ యాప్ వేసుకోండి. ఇది ప్రభుత్వ యాప్, ఉచితం.
2. అందులో లైసెన్సు వివరాలు సరిచూసే విభాగంలోకి వెళ్లి, పెట్టె మీదున్న సీఎం/ఎల్ నంబరు కొట్టండి.
3. తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు చెల్లుబాటులో ఉందో లేదో, ఏ ఉత్పత్తికి ఇచ్చారో కనిపిస్తాయి.
4. ఆ పేరు పెట్టె మీది తయారీదారు పేరుతో సరిపోలాలి. లైసెన్సు బొమ్మలకే ఇచ్చినదై ఉండాలి. వేరే వస్తువుకు తీసుకున్న నంబరును బొమ్మ మీద వేస్తే అది నకిలీ కిందే లెక్క.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు పెట్టె ఫొటోలను పెద్దవి చేసి చూడండి. ముద్ర, నంబరు ఉన్న వైపు ఫొటో లేకపోతే అమ్మకందారును అడగండి. జవాబు రాకపోతే మరో బొమ్మ చూసుకోండి.

బొమ్మతో పాటు ఛార్జర్ వస్తే దానికీ విడిగా బీఐఎస్ గుర్తు ఉండాలి. అడాప్టర్‌పై ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. దాన్ని కూడా అదే యాప్‌లో సరిచూడవచ్చు.

మరి కొండపల్లి బొమ్మల సంగతేంటి?

ఏటికొప్పాక, కొండపల్లి, నిర్మల్ బొమ్మల వంటి భౌగోళిక గుర్తింపు పొందిన ఉత్పత్తులకు, హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయంలో నమోదైన చేతివృత్తుల వారు తయారు చేసి అమ్మే బొమ్మలకు ఈ ఉత్తర్వు నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి వాటిపై ఐఎస్‌ఐ ముద్ర లేకపోవడం తప్పు కాదు. అయితే చిన్నపిల్లలకు ఇచ్చేటప్పుడు ముక్కలు ఊడతాయా, రంగు లేస్తోందా అన్నది మీరే చూసుకోవాలి. ఈ మినహాయింపు ఫ్యాక్టరీలో తయారైన ఎలక్ట్రానిక్ బొమ్మకు వర్తించదు.

విదేశాల నుంచి బంధువులు తెచ్చినవైతే?

అమెరికా నుంచో, గల్ఫ్ నుంచో బంధువులు బహుమతిగా తెచ్చిన బొమ్మపై ఐఎస్‌ఐ ముద్ర ఉండకపోవచ్చు. అప్పుడు ఆ దేశపు గుర్తులు చూడండి. యూరప్‌లో అమ్మే బొమ్మలపై ‘సీఈ’ గుర్తు ఉంటుంది. అమెరికాలో పాటించే బొమ్మల ప్రమాణం ‘ఏఎస్‌టీఎం ఎఫ్963’.

ఛార్జర్ విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. అమెరికాలో ఇళ్లకు వచ్చే కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. ఛార్జర్ మీద ‘ఇన్‌పుట్ 100-240’ అని ఉంటేనే ఇక్కడ ప్లగ్‌లో పెట్టండి. 120 అని మాత్రమే ఉంటే పిన్ను మార్చే కన్వర్టర్ పెట్టినా ప్రమాదమే. అది పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని తగ్గించదు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఏది?

బటన్ బ్యాటరీ. రూపాయి బిళ్లంత ఉండి మెరిసే గుండ్రటి బ్యాటరీ ఇది. చాలా రైటింగ్ ప్యాడ్లలో, పాట పాడే గ్రీటింగ్ కార్డుల్లో, చిన్న రిమోట్లలో ఇదే ఉంటుంది. ఎక్కువగా వాడే రకం పేరు ‘సీఆర్ 2032’. అందులో 20 అంటే వ్యాసం 20 మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు.

పిల్లలు దీన్ని మింగితే, అది ఆహారనాళంలో ఇరుక్కుంటే, తడి తగిలి కరెంటు ప్రవహిస్తుంది. దానివల్ల అక్కడ క్షారం తయారై కండరాన్ని కాల్చేస్తుంది. 2 గంటల్లోనే తీవ్రమైన గాయం కావచ్చు. బొమ్మను నడపలేనంత అయిపోయిన బ్యాటరీలోనూ హాని చేసేంత శక్తి మిగిలి ఉంటుంది. ముక్కులో, చెవిలో దూర్చుకున్నా ఇంతే ప్రమాదం.

కాబట్టి బొమ్మను తిప్పి బ్యాటరీ గది చూడండి. మూతకు స్క్రూ ఉండాలి. గోటితోనో, నాణెంతోనో తెరుచుకునే మూత ఉంటే ఆ బొమ్మ చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు. స్క్రూ ఉన్నా అది వదులుగా తిరుగుతోందేమో, బొమ్మను మోకాలి ఎత్తు నుంచి ఒకటి రెండుసార్లు కింద పడేస్తే మూత ఊడుతోందేమో చూడండి. పిల్లల చేతిలో బొమ్మ ఎలాగూ పడుతుంది, ఆ పరీక్షేదో ముందు మీరే చేయడం మంచిది. ‘బొమ్మ’ అని రాయకుండా ‘స్టేషనరీ’ పేరుతో అమ్మే ప్యాడ్‌కు కూడా ఈ పరీక్ష చేయండి.

పాత బ్యాటరీ తీశాక బల్ల మీద వదిలేయకండి. రెండు వైపులా సెల్లో టేపు అతికించి, పిల్లలకు అందని చోట పెట్టి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.

మింగితే ఏం చేయాలి?

మింగాడని అనుమానం వచ్చినా చాలు, లక్షణాల కోసం ఎదురు చూడకండి. వెంటనే ఎక్స్‌రే సదుపాయం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి. ‘బటన్ బ్యాటరీ మింగి ఉండవచ్చు’ అని అక్కడ మొదటి మాటగా చెప్పండి. నాణెమనుకుని ఆలస్యం చేసే అవకాశం ఉంటుంది. ఎక్స్‌రేలో బ్యాటరీ అంచు రెండు వలయాలుగా కనిపిస్తుంది, నాణెం అలా కనిపించదు. అలాంటి బ్యాటరీయో, బొమ్మ పెట్టెయో ఉంటే వెంట తీసుకెళ్లండి.

వాంతి చేయించవద్దు. అన్నం, నీళ్లు, పాలు పెట్టవద్దు. పిల్లలకు ఏడాది దాటి, మింగి 12 గంటలు దాటకుండా, గుటక వేయగలిగే స్థితిలో ఉంటే ఆసుపత్రికి వెళ్లే దారిలో 10 నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె, ఎక్కువలో ఎక్కువ 6 సార్లు, ఇవ్వవచ్చని అమెరికాలోని నేషనల్ కేపిటల్ పాయిజన్ సెంటర్ చెబుతోంది. ఏడాదిలోపు పిల్లలకు తేనె ఇవ్వకూడదు. తేనె కోసం వెతుకుతూ ప్రయాణం మాత్రం ఆపవద్దు.

ఎవరూ చూడకపోయినా, ఉన్నట్టుండి చొంగ ఎక్కువగా కారుతున్నా, తిండి మింగలేకపోతున్నా, దగ్గుతున్నా, వాంతి చేసుకుంటున్నా బ్యాటరీ కోణం మరచిపోకండి. విషాలకు సంబంధించిన సలహా కోసం దిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 116 117 ఉంది.

ఇంట్లో 5 నిమిషాల్లో చేసుకోగల పరీక్షలు

చిన్న ముక్కలు: మూడేళ్లలోపు పిల్లల బొమ్మలను పరీక్షించడానికి ప్రయోగశాలల్లో 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా ఇమిడిపోయే ముక్క ఏదైనా గొంతులో అడ్డుపడగలదు. మన 10 రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు. కాబట్టి బొమ్మ నుంచి ఊడివచ్చే బటన్, చక్రం, కన్ను ఆ నాణెమంత ఉన్నా, కాస్త పెద్దగా ఉన్నా ప్రమాదమే. ప్రతి బటన్‌నూ గట్టిగా లాగి చూడండి. ప్యాడ్‌తో వచ్చే పెన్ను మూత, కొస ఊడతాయేమో చూడండి.

శబ్దం: బొమ్మను మీ చెవి దగ్గర పెట్టుకుని ఆన్ చేయండి. మీకే చిరాకనిపిస్తే పిల్లలకు అది మరీ ఎక్కువ. పిల్లలు బొమ్మను చేయి చాచి పట్టుకోరు, మొహానికి ఆనించుకుంటారు. శబ్దం తగ్గించే మీట ఉన్నది ఎంచుకోండి. ఇప్పటికే కొన్న బొమ్మ గట్టిగా అరుస్తుంటే స్పీకర్ రంధ్రాలపై టేపు అతికిస్తే కొంత తగ్గుతుంది. ఆ టేపును పిల్లలు పీకి నోట్లో పెట్టుకోకుండా చూడాలి.

అయస్కాంతాలు: చిన్న, బలమైన అయస్కాంతాలు ఊడివచ్చే బొమ్మలు వద్దు. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని మధ్యలో ఉన్న పేగు గోడను నొక్కేస్తాయి. పేగుకు చిల్లు పడవచ్చు.

తాళ్లు, తీగలు: మైకు వైరు, మెడలో వేసుకునే తాడు, పెన్నును ప్యాడ్‌కు కట్టే దారం మెడకు చుట్టుకునేంత పొడవుంటే తీసేయండి. వాటిని ఉయ్యాలలో, మంచం మీద అసలు ఉంచకండి.

వేడి, వాసన: 15 నిమిషాలు ఆడించి బ్యాటరీ గది దగ్గర చేయి పెట్టి చూడండి. వేడిగా అనిపించినా, ఉబ్బినట్టున్నా, ఘాటు వాసన వస్తున్నా వాడకండి. రీఛార్జ్ చేసే బొమ్మను పెద్దవాళ్లే ఛార్జింగ్‌లో పెట్టాలి. ఛార్జ్ అవుతుండగా పిల్లలకు ఇవ్వకండి.

పెట్టె మీద వయసు రాసి ఉంటుంది కదా, దాన్ని నమ్మవచ్చా?

‘3+’ అని రాసి ఉంటే మూడేళ్లలోపు పిల్లలకు ప్రమాదం ఉండవచ్చని అర్థం. ‘మా వాడు చురుకు, రెండేళ్లకే ఆడేస్తాడు’ అనుకుని ఇవ్వకండి. ఆ సంఖ్యకు తెలివితేటలతో సంబంధం లేదు, నోట్లో పెట్టుకునే అలవాటుతో ఉంది. ఇంట్లో అక్కకు ఐదేళ్లు, తమ్ముడికి ఏడాదిన్నర అయితే, తమ్ముడికి ఏది ప్రమాదమో చూసుకుని కొనండి. అక్క బొమ్మ తమ్ముడి చేతికి చేరడానికి నిమిషం చాలు.

వయసును బట్టి స్థూలంగా ఇలా ఆలోచించవచ్చు:

- ఏడాదిలోపు: ఎలక్ట్రానిక్ బొమ్మ అవసరమే లేదు. గిలక్కాయ, గుడ్డ బొమ్మ, గిన్నె, గరిటె, మీ మొహం, మీ గొంతు చాలు.
- 1-2 ఏళ్లు: నొక్కితే ఒకే పని చేసి ఆగిపోయేవి ఫరవాలేదు. దానంతటదే పాడుతూ, వెలుగుతూ పోయేవి వద్దు. తెర ఉన్నవి అసలే వద్దు.
- 2-3 ఏళ్లు: జంతువుల అరుపులు, రోజూ చూసే వస్తువుల పేర్లు పలికే పుస్తకాలను పెద్దవాళ్లు పక్కన కూర్చుని చూపించవచ్చు. అక్షరాలు, అంకెలు వల్లె వేయించే తొందర అక్కర్లేదు.
- 3-5 ఏళ్లు: చెప్పింది విని వెతికే ఆటలు, పాటకు ఆగి ఆగి జవాబిచ్చే ఆటలు, సొంత గొంతు రికార్డు చేసి వినే బొమ్మలు, రైటింగ్ ప్యాడ్ (స్క్రూ మూత ఉంటేనే) పనికొస్తాయి.

తెర ఉన్న లెర్నింగ్ ట్యాబ్ కూడా తెరే. ‘చదువు కోసం’ అని పేరు పెట్టినంత మాత్రాన దానికి వేరే లెక్క ఉండదు. ఏడాది పిల్లలకు తెర ముందు కూర్చునే సమయం వద్దని, 2-4 ఏళ్ల వారికి రోజుకు గంట మించకూడదని, తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. భారత పిల్లల వైద్యుల సంఘం సలహా కూడా ఇలాంటిదే: రెండేళ్లలోపు వద్దు, 2-5 ఏళ్ల మధ్య పెద్దల సమక్షంలో గంటలోపు.

ఇవి నిజంగా నేర్పుతాయా?

అమెరికాలోని నార్తర్న్ అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన అనా సోసా 10-16 నెలల పిల్లలున్న 26 కుటుంబాలపై చేసిన అధ్యయనం పిల్లల వైద్య పత్రిక ‘జామా పీడియాట్రిక్స్’లో వచ్చింది. తల్లిదండ్రులకు మూడు రకాల వస్తువులు ఇచ్చి, ఇంట్లో మాటలను రికార్డు చేశారు. ఒక రకంలో పసిపిల్లల ల్యాప్‌టాప్, మాట్లాడే పొలం, ఫోన్ బొమ్మ ఉన్నాయి. రెండో రకంలో చెక్క పజిల్, ఆకారాలు దూర్చే డబ్బా, బొమ్మలున్న దిమ్మెలు. మూడోది పుస్తకాలు.

ఎలక్ట్రానిక్ బొమ్మలతో ఆడుతున్నప్పుడు తల్లిదండ్రుల మాటలు తగ్గిపోయాయి. పిల్లలు ఏదైనా శబ్దం చేస్తే బదులివ్వడమూ తగ్గింది. పుస్తకాలతో ఉన్నప్పుడు మాటలు బాగా ఎక్కువగా వినిపించాయి. ఇది చిన్న అధ్యయనమే. కానీ అందులో కనిపించినది ఏ ఇంట్లోనైనా గమనించవచ్చు: బొమ్మ మాట్లాడుతుంటే పెద్దవాళ్లు ఊరుకుంటారు. పిల్లలకు మాటలు వచ్చేది మాత్రం ఎవరైనా తమకు బదులు చెప్పినప్పుడే. బొమ్మ ‘ఆవు’ అంటుంది కానీ, ‘పొద్దున మన వీధిలోకి వచ్చిందే, ఆ ఆవేనా?’ అని అడగలేదు.

అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా 2018 చివరలో ఇచ్చిన నివేదికలో పిల్లలతో పెద్దలను కలిపి ఆడించేదే మంచి బొమ్మ అని చెప్పింది. ఖరీదు, హంగులు దానికి కొలమానం కావు.

అందుకే బొమ్మను కొనే ముందు ఇలా పరీక్షించండి:

బ్యాటరీ తీసేసినా దీంతో ఆడుకోవచ్చా? ఆడుకోగలిగితే మంచి బొమ్మ. మాట్లాడే పుస్తకంలో బొమ్మలు బాగుంటే, స్పీకర్ ఆపేసి మీరే కథ చెప్పవచ్చు.

ఆడేది పిల్లా, బొమ్మా? పిల్లలు ఒక్క బటన్ నొక్కి చూస్తూ కూర్చుంటే ఆట మొత్తం బొమ్మదే. పిల్లలు వెతికి, పేర్చి, ఆలోచించి, తప్పు చేసి, మళ్లీ ప్రయత్నిస్తేనే ఆట వాళ్లది.

తప్పు చేస్తే ఏమవుతుంది? జవాబు తప్పయితే వెంటనే బుయ్‌మని శబ్దం చేసి సరైనది చెప్పేసే బొమ్మ కంటే, ఇంకోసారి చూడమని ఆగే బొమ్మ మేలు.

ఆగుతుందా? పిల్లలు జవాబు చెప్పడానికి కొన్ని క్షణాలు వదలాలి. గుక్క తిప్పుకోకుండా పాడే బొమ్మ దగ్గర వినడం తప్ప చేసేదేమీ ఉండదు.

తెలుగులో పలికే బొమ్మలను ఎలా చూడాలి?

మన మార్కెట్‌లో మాట్లాడే కార్డులు, పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లో ఉంటాయి. పక్కన తెలుగు కూడా ఉందంటే కొనేయకుండా ముందు విని చూడండి. ‘ల’, ‘ళ’ తేడా పలుకుతోందా? ‘న’, ‘ణ’ ఒకేలా వినిపిస్తున్నాయా? ‘శ’, ‘ష’, ‘స’ మూడింటినీ ఒకటే చేసేస్తోందా? ‘క’, ‘ఖ’లు వేరువేరుగా ఉన్నాయా? యంత్రం గొంతుతో చేసిన రికార్డింగుల్లో ఇవి తేలిగ్గా దెబ్బతింటాయి. అచ్చులో దీర్ఘాలు, ఒత్తులు సరిగా ఉన్నాయో లేదో కూడా చూడండి. పిల్లలు విన్నది విన్నట్టు పట్టుకుంటారు.

8 ఏళ్ల వయసు వరకు ఇంటి భాషలో నేర్చుకోవడమే మేలని 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెబుతోంది. విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలకైతే రికార్డు చేసుకునే బొమ్మ బాగా పనికొస్తుంది. ఊళ్లో ఉన్న అమ్మమ్మ, తాతయ్యల గొంతుతో పేర్లు, చిన్న మాటలు రికార్డు చేసి ఇవ్వవచ్చు.

పిల్లలకు మాటలు ఆలస్యమైతే ఈ బొమ్మ సాయపడుతుందా?

ఈ ఆశతో బొమ్మలు కొనేవారు చాలామంది ఉంటారు. బొమ్మ వైద్యం కాదు. దాన్ని నమ్ముకుని ఆరు నెలలు ఎదురు చూస్తే పోయేది విలువైన సమయం.

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు ‘అమ్మా పాలు’ వంటి రెండు మాటల జంట చెప్పలేకపోయినా, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోయినా వెంటనే చూపించండి. పెద్ద శబ్దం చేసే బొమ్మ వైపు తిరుగుతున్నాడు కదా, చెవులు బాగానే ఉన్నాయి అనుకోవద్దు. కొంతమేర వినికిడి లోపం ఉన్న పిల్లలు పెద్ద శబ్దాలు వింటారు, మాటలోని చిన్న ధ్వనులు వినలేరు. బొమ్మ మీది వెలుతురు చూసి కూడా తిరగవచ్చు.

దీనికి ప్రభుత్వ సేవ ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షిస్తారు. ఎదుగుదలలో ఆలస్యం ఉన్నవారిని జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి (డీఈఐసీ) పంపిస్తారు. మీ అంగన్‌వాడీ టీచర్‌నో, ఆశా కార్యకర్తనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్నో అడగండి. గర్భిణిగా ఉన్నప్పుడు ఇచ్చిన తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో ఏ నెలకు పిల్లలు ఏం చేయాలో బొమ్మలతో సహా ఉంటుంది. దాన్ని టీకాల పేజీ కోసమే తెరవకుండా, అదీ చూడండి.

నెట్‌కు కలిసే బొమ్మలతో ఏం జాగ్రత్త?

కొన్ని బొమ్మలకు మైకు, కెమెరా ఉంటాయి. బ్లూటూత్‌తోనో, వైఫైతోనో ఫోన్ యాప్‌కు కలుస్తాయి. జర్మనీలో 2017లో ‘మై ఫ్రెండ్ కేలా’ అనే మాట్లాడే బొమ్మను రహస్యంగా వినే పరికరంగా పరిగణించి అక్కడి ప్రభుత్వ సంస్థ నిషేధించింది. పక్కనున్న ఎవరైనా బ్లూటూత్‌తో దానికి కలిసి పిల్లల మాటలు వినే వీలుండటమే కారణం.

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వారి సమాచారం తీసుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. చట్టం పనిచేసే లోపు మీరు చేయగలిగినవి ఇవి: యాప్ లేకుండా పనిచేయని బొమ్మ కొనకండి. పిల్లల అసలు పేరు, పుట్టిన తేదీ, ఫొటో ఇవ్వకండి. జత చేసేటప్పుడు పాస్‌వర్డ్ అడగని బ్లూటూత్ బొమ్మను వాపసు చేయండి. ఆట అయ్యాక స్విచ్ ఆపేయండి.

బొమ్మ బాగోలేదు, ఎవరికి చెప్పాలి?

పెట్టె మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, వినియోగదారుల ఫిర్యాదు నంబరు ఉండాలి. దిగుమతి బొమ్మ అయితే ఏ దేశంలో తయారైందో ఉండాలి. ఇవి లేవంటే అదే ఒక ఫిర్యాదు. బిల్లు తప్పక తీసుకోండి, పెట్టెను కనీసం నెల రోజులు దాచండి. లోపం కనిపిస్తే ఫొటో, వీడియో తీసి, ఆ బొమ్మను పిల్లలకు అందకుండా పక్కన పెట్టండి.

1. ముందు అమ్మినవారికి రాతపూర్వకంగా చెప్పండి. ఆన్‌లైన్ అయితే ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.
2. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు.
3. ముద్ర లేని, నకిలీ ముద్ర ఉన్న బొమ్మల గురించి బీఐఎస్ కేర్ యాప్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు.
4. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. ‘ఈ-జాగృతి’ పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. వస్తువు విలువ 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. మీరు ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు. సమస్య తలెత్తిన 2 ఏళ్లలోపు వేయాలి.

‘మూడు నెలల్లో చదివేస్తారు’ వంటి ఆధారం లేని ప్రకటనలపైనా 1915కు చెప్పవచ్చు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయగలదు.

300 రూపాయల బొమ్మకు ఇంత అవసరమా అనిపించవచ్చు. మీరు వాపసు చేసిన బొమ్మ అదే షాపులో మళ్లీ అరలోకి చేరుతుంది. మీరు చేసిన ఫిర్యాదు వల్ల ఆ బొమ్మ మరో ఇంటికి వెళ్లకుండా ఆగవచ్చు.

కొనలేకపోతే పిల్లలు వెనకబడతారా?

వెనకబడరు. 3-8 ఏళ్ల పిల్లల కోసం ఎన్‌సీఈఆర్‌టీ 2023 ఫిబ్రవరిలో విడుదల చేసిన ‘జాదూయీ పిటారా’ పెట్టెలో ఉన్నవి తోలుబొమ్మలు, పజిళ్లు, పోస్టర్లు, బొమ్మల కార్డులు, కథల పుస్తకాలు. దేశంలో చిన్నపిల్లల చదువును రూపొందించేవారు ఎంచుకున్నవి ఇవే. అంగన్‌వాడీలో 3-6 ఏళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య ఉచితం. అక్కడ ఆడించే ఆటలను అడిగి తెలుసుకుని ఇంట్లోనూ ఆడించవచ్చు. చింతపిక్కలు లెక్కపెట్టడం (మూడేళ్లు దాటాక, మీరు పక్కనుండగా), గిన్నెలను చిన్నవి పెద్దవిగా పేర్చడం, బియ్యంలో వేలితో అక్షరం దిద్దడం, సంతలో కూరగాయల పేర్లు చెప్పడం కూడా పాఠాలే.

కొనే ముందు ఒక్కసారి

- ఐఎస్‌ఐ గుర్తు, దానిపై ఐఎస్ 15644, కింద సీఎం/ఎల్ నంబరు ఉన్నాయా? యాప్‌లో సరిపోయాయా?
- బ్యాటరీ మూతకు స్క్రూ ఉందా?
- 10 రూపాయల నాణెమంత ముక్క ఏదైనా ఊడుతోందా?
- శబ్దం తగ్గించవచ్చా, ఆపేయవచ్చా?
- ఇంట్లో అందరికంటే చిన్నపిల్లల వయసుకు సరిపోతుందా?
- తెర, మైకు, కెమెరా ఉన్నాయా? అవి నిజంగా అవసరమా?
- బ్యాటరీ తీసినా ఆడుకోవచ్చా?
- పక్కన కూర్చుని ఆడించడానికి రోజుకు పావుగంట మీకు ఉందా?

చివరి ప్రశ్నకు జవాబు ‘లేదు’ అయితే బొమ్మ కొనడం వాయిదా వేయండి. ముందు ఆ పావుగంట ఎలా దొరుకుతుందో చూడండి.

దాచుకోవాల్సిన నంబర్లు: అంబులెన్స్ 108. జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.